గుయ్యిమనని పెట్టె

నిష్ పట్టణంలో కట్టుడు పళ్ళసెట్లు చేసే మోమ్చిలోకు పాటలు వినే పెట్టె ఒకటి సొంతంగా కట్టాలని చాలాకాలంగా కోరిక. ఆ కోరిక తీరింది భార్య తగాదా పుణ్యమా అని.

భార్య దెసాంక చర్చి గాయకబృందంలో పాడుతుంది. ఆ వసంతంలో జరిగిన కచేరీలో, ఆఖరి పాటలో, అందరూ గొంతులు బాగా తగ్గించి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎత్తుకోవలసిన చోట ఎవరో తొందరపడ్డారు. అది పక్కన నిలబడే రోసాందే అంది దెసాంక. నేను కాదు, నువ్వే అంది రోసాంద. అప్పటినుంచి ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ పాడుతున్నారే గాని, పలకరింపుల్లేవు.

కచేరీ రికార్డింగు అందరికీ పంపారు. మోమ్చిలో దాన్ని కంప్యూటర్లో పెట్టి, హెడ్‌ఫోన్ కన్నంలోంచి వైరు లాగి, తన పాత ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. పాట బాగానే నడిచింది. ఆ మెల్లని చోటు రాగానే, గొంతుల మీద దుప్పటి కప్పినట్టు బుస్సుమని ఒకటే రొద.

"ఈ బుసలో ఎవరి గొంతని పోల్చుకోను?" అంది దెసాంక.

"అది కంప్యూటర్ కడుపులో చప్పుడు. పాట దాన్లో అంకెలుగా ఉంటుంది. ఆ అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చే పని వేరే పెట్టెకు అప్పజెప్పాలి. డీఏసీ అంటారు."

"కొనుక్కురా మరి."

"నేనే కడదామని."

ఇంకొకప్పుడైతే ఆ మాటకు దెసాంక గంటసేపు క్లాసు పీకేది. ఈసారి కాసేపు ఆలోచించి, "కట్టు. దాంతోనే రోసాంద నోరు మూయిస్తాను," అంది.

ఏ చిప్ వాడాలన్నది తేలడానికే వేసవి అయిపోయింది. మోమ్చిలో మనసంతా పాతకాలపు సీడీ ప్లేయర్లలో ఉండే చిప్ మీద ఉంది. దాన్లోంచి వచ్చే పాట తేనెలా ఉంటుందని ఇంటర్నెట్‌లో పెద్దమనుషులు రాసుకునేవాళ్ళు. దెసాంక తమ్ముడు తిహోమిర్‌కు ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఆయన కాఫీ తాగుతూ ఆ మాట కొట్టిపారేశాడు.

"బావా, ఇప్పుడు అమ్మే పాత చిప్పుల్లో సగం దొంగవి. ఏదో ఒకదాని వీపు గీకి, మీద పేరు అచ్చేస్తారు. కొత్తది తీసుకో."

"కొత్తవాటి కాళ్ళు చీమ కాళ్ళలా ఉంటాయి."

"రోజూ భూతద్దం పెట్టుకుని జనం దంతాలు చెక్కుతావు కదా. చీమ కాళ్ళకు భయపడుతున్నావా?"

మోమ్చిలో నవ్వాడు గాని ఒప్పుకోలేదు. శనివారం సంతలో చెడిపోయిన సీడీ ప్లేయర్లు తిప్పి చూస్తూ ఇంకా కొన్ని వారాలు గడిపాడు. చివరికి సంతలోనే, ఒక ప్లేయరు చేతిలో పట్టుకుని ఉండగా, ఆయనకే తట్టింది. తేనె కావలసింది తనకు. దెసాంకకు కావలసింది బుస లేకపోవడం. ఆ పనికి కొత్త చిప్పే మేలు. ప్లేయర్ని ఉన్నచోటే పెట్టి ఇంటికొచ్చి, తిహోమిర్ చెప్పిన బోర్డూ భాగాలూ తెప్పించాడు.

అవి వచ్చేసరికి చలికాలపు నిలవ పచ్చడికి మిరపకాయలు కాల్చే రోజులు. బాల్కనీలో దెసాంక పొయ్యి పెట్టింది. వంటింటి బల్ల మీద మోమ్చిలో టంకం వేస్తున్నాడు. భూతద్దం కింద చిప్ కాళ్ళు ఒక్కొక్కటే కుదురుగా కూర్చుంటుంటే, పంటి మీద పింగాణీ దిద్దినప్పటి హాయి కలిగింది.

"నీ సీసం కంపు నా మిరపకాయలకు పడుతుంది," అంది దెసాంక తలుపు దగ్గరనుంచి.

"నీ పొగకు నా కళ్ళు మండుతున్నాయి. చెల్లుకు చెల్లు."

మొదటిసారి కరెంటిచ్చినప్పుడు బుస లేదు. కానీ గుయ్యిమని సన్నటి మోత మొదలైంది. మోమ్చిలో ట్రాన్స్‌ఫార్మర్‌ను అటు జరిపాడు, ఇటు తిప్పాడు. మోత తగ్గలేదు. తిహోమిర్ వచ్చి పెట్టె మూత తీసి చూశాడు.

"ఎర్త్ తీగలు రెండుచోట్ల ఎందుకు కట్టావు బావా?"

"రెండుచోట్ల కడితే గట్టిగా ఉంటుందని."

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టుంది. అన్నీ తెచ్చి ఒక్కచోట కలుపు."

అన్నీ ఒకే మర కిందికి తెచ్చి బిగించాడు. మళ్ళీ కరెంటిచ్చి, ఆంప్లిఫయర్ మీట పూర్తిగా తిప్పి, స్పీకరుకు చెవి ఆనించాడు. ఏమీ లేదు. పెట్టె ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. మోమ్చిలో అలాగే వంగి చాలాసేపు ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురూ కూర్చున్నారు. ఆఖరి పాట పెట్టాడు. గొంతులు తగ్గాయి. ఆగాయి. ఆ ఖాళీలో, ముక్కుతో ఎవరో చిన్నగా ఊపిరి లాగిన చప్పుడు, వెంటనే మిగతావాళ్ళ కంటే ముందే ఎత్తుకున్న ఒక గొంతు.

మోమ్చిలో ఆ ఊపిరిని ఎక్కడైనా గుర్తుపడతాడు. పెళ్ళైనప్పటినుంచీ అది తన పక్క దిండు మీదే వింటున్నాడు. కాఫీ కప్పులోకి చూశాడు. తిహోమిర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"మళ్ళీ పెట్టు," అంది దెసాంక.

పెట్టాడు. విన్నాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేనే," అంది.

"పెట్టె కొత్తది కదా, ఇంకా కుదురుకోవాలేమో," అన్నాడు మోమ్చిలో.

"నన్ను బుజ్జగించకు. నా ముక్కు నాకు తెలీదూ?" అని ఆమె నవ్వింది. మొహం మాత్రం ఎర్రగానే ఉంది. లేచి వెళ్ళి ఫోను తీసింది. "రోసాందా, నేను. సాయంత్రం మా ఇంటికి రా. నువ్వు వినాల్సిందొకటుంది. అవును, నువ్వు చెప్పిందే నిజం. ఫోన్లో సాగదీయకు, వచ్చి తిట్టు."

రోసాంద సీమదానిమ్మ జామ్ సీసా పట్టుకుని బిగుసుకుని వచ్చింది. ఆ చోటు రెండుసార్లు విన్నది. గెలిచినదానిలా మొహం పెడదామని చూసింది గాని కుదరలేదు.

"మొదటి పాట కూడా పెట్టు మోమ్చిలో," అంది.

పెట్టాడు. రెండో చరణంలో రోసాంద చెయ్యెత్తింది. "ఇక్కడ మాట మరిచిపోయి లలలా అన్నాను. ఎవరికీ తెలీదనుకున్నాను. ఇదిగో, శుభ్రంగా వినిపిస్తోంది."

దెసాంక పగలబడి నవ్వింది. ఆ తరవాత ఇద్దరూ మొదటినుంచి కచేరీ అంతా పెట్టించుకుని, ఎవరెక్కడ తప్పారో వెతకడం మొదలుపెట్టారు. మంద్రంగా పాడే మగవాళ్ళ వరుసలో ఎవరో దగ్గు ఆపుకున్నారు. ఎవరి చెప్పో కిర్రుమంది. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా దెసాంక రోసాంద మోకాలి మీద చరిచేది.

ఆ పెట్టెలో ఏ చిప్ ఉందని ఆడవాళ్ళిద్దరూ అడగలేదు. మోమ్చిలోకు అది లోటనిపించలేదు. ఒక కుర్చీ లాక్కుని, కళ్ళు మూసుకుని, రొట్టె మీద జామ్ రాసుకుని తింటూ వాళ్ళతో పాటు విన్నాడు.