ఊరికే కూర్చున్న చిటికెన వేలు

నాకు అబద్ధాలు చెప్పడం చేతకాదని మా ఆయన అందరితో అంటుంటారు. ఆయన మాట నమ్మితే అయినట్టే! నలభై రోజులపాటు ఒకే ఒక్క అబద్ధాన్ని, అదీ కన్నకూతురి దగ్గర, ఎక్కడా తొణక్కుండా నడిపించుకొచ్చాను. చివరికి అది బయటపడింది కూడా ఆయన నోటి వల్లేగానీ నా వల్ల కాదు.

మా అమ్మాయిని ఇంట్లో పిడుగు అంటాం. వేరే ఊళ్ళో, ఫోన్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఫోనంతా తనే చెయ్యదు. అద్దం అడుగున వేలిముద్ర చదివే ముక్క ఒకటుంటుంది, గోరంత. మూడేళ్ళుగా మా పిల్లకి తిండీ నిద్రా అన్నీ ఆ ముక్కే. ఆ ముక్క ఏడుసార్లు పరీక్షలో తప్పిందట. ఏడోసారి వాళ్ళ పెద్దసారు అందరి ముందూ నిలబెట్టి మాటలన్నాడట. ఆ రోజు ఫోన్లో దాని గొంతు విని నాకు అన్నం సహించలేదు.

ఎనిమిదోసారి బాగానే వచ్చింది. ఇక బజారులోకి వదిలే ముందు, ఉద్యోగుల ఇళ్ళల్లో రెండొందల మందికి తలొక ఫోనూ ఇచ్చి నలభై రోజులు వాడి చూడమన్నారు. అలా ఒకటి పార్సిల్లో మా ఇంటికి వచ్చింది. ఆ కంపెనీ ఫోన్లలో ఇదే అన్నిటికన్నా పెద్దదట, ఇంకా ఎవరి చేతికీ రాలేదట. అంటే మేమే ముందన్నమాట. మా ఆయన ఆ రోజంతా వీధి గుమ్మంలోంచి కదిలితే ఒట్టు.

వెనకాల మూడు కెమెరాలున్నాయి. అందులో దూరపు చూపు కెమెరాతో మా ఆయన వీధికి అవతల నాలుగో మేడ మీదున్న నీళ్ళ ట్యాంకు చూసి, "దాని మూతకి ఒక బోల్టు లేదే!" అన్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ ఇంటివాళ్ళకి చెప్పొచ్చారు కూడా. వాళ్ళు ఈయన్ని ఎలా చూసుంటారో నేను అడగలేదు. ఎండలో పెట్టినా తెర మసకబారదు. లోపల రాగి రేకొకటి ఉండి, పుట్టిన వేడిని అంతటా పరిచేస్తుందట. నీళ్ళ గిన్నెలో ముంచి తీసినా ఏమీ కాదని కాగితం మీద రాశారు. ఆయన ముంచారు. నేను గుండె పట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు.

నేను మాత్రం ముందు చూసింది అంచు. టైటానియం చట్రమట. కళ్ళు మూసుకుని బొటనవేలితో చుట్టూ తడిమాను. చట్రం ఎక్కడ ఆగిందో, అద్దం ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు. 'ఈ అంచు రుద్దినవాడెవడోగానీ పనిమంతుడు' అనుకున్నాను.

అంత ధీమాగా ఎందుకు అనుకున్నానంటే, ముప్పై ఏళ్ళు నా పని అదే. కుర్చీలూ బల్లలూ చేసే వర్క్‌షాపులో ఆయన చిత్రిక పట్టేవారు, నేను ఉప్పుకాగితంతో రుద్దేదాన్ని. ముందు గరుకుది, తర్వాత నడిమిది, చివర సన్నది. నేను బొటనవేలితో తడిమి సరేనంటేనే కుర్చీకి పాలిష్ పడేది. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేతికి మార్చేదాన్ని. అందుకే నా ఎనిమిది వేళ్ళూ సమానంగా నున్నగా ఉంటాయి. చిటికెన వేళ్ళు రెండూ మాత్రం కాగితానికి తగలకుండా పైకి లేచి ఉండేవి.

ఆ సంగతి నాకు ఎప్పుడూ పట్టలేదు, ఆ ఫోను అడిగేదాకా. బొటనవేలు పెట్టమంది, పెట్టాను. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టమంది. తుడుచుకున్నాను. ఇంకాస్త గట్టిగా నొక్కమంది. సబ్బుతో కడుక్కున్నాను, నూనె రాసుకున్నాను, నూనె తుడుచుకున్నాను. ఊహూఁ. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు, అన్నీ అదే తంతు. ఒళ్ళు మండి చిటికెన వేలు పెట్టి ఒక్కటి పొడిచాను. చక్కగా తీసుకుంది!

సరిగ్గా అప్పుడే పిడుగు ఫోన్ చేసింది.

"అమ్మా, వేలు పెట్టావా? బొటనవేలేగా?"

"ఆఁ, బొటనవేలే. పెట్టీ పెట్టగానే తెరుచుకుందే!" అనేశాను.

అది నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని! ఇంక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు నోరెలా వస్తుంది? వారం వారం పంపే కాగితంలో కూడా 'బొటనవేలు, వెంటనే తెరుచుకుంటోంది' అని నా చేత్తోనే రాశాను.

అయితే నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. రోజూ బొటనవేలిని చేర్చుకోమని ఆ ఫోన్ని బతిమాలుతూనే ఉన్నాను. నిద్ర లేవగానే ఒకసారి, స్నానం అవగానే వేలు మెత్తబడి ఉంటుందని ఒకసారి, గిన్నెలు తోమాక, బట్టలు ఆరేశాక. ఒక్కసారి పట్టిందంటే చాలు, నా అబద్ధం నిజమైపోతుంది. అది నా ఆశ. పట్టలేదు.

నలభయ్యో రోజు ఆదివారం. పిడుగు చెప్పాపెట్టకుండా ఊడిపడింది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. వెనకనుంచి వచ్చి వాటేసుకుని, "అమ్మా, నీ వల్లే గెలిచాం తెలుసా!" అంది.

"నేనేం చేశానే?"

"రెండొందల మందిలో వేళ్ళు అరిగిపోయేంత పని చేసింది నువ్వొక్కదానివే. నీ బొటనవేలికే తెరుచుకుందంటే ఇంకెవరికి తెరుచుకోదు? అందుకే పెట్టె మీద 'ఏ వేలికైనా తెరుచుకుంటుంది' అని అచ్చు వేయిస్తున్నారు. రేపు ఆ మాటకి పూచీ కాగితం మీద సంతకం నాదే. పట్టు, నీ వేలితో తెరువు, వీడియో తీసి సారుకి చూపిస్తాను."

"చెయ్యంతా ఉల్లిపాయలే" అన్నాను.

"కడుక్కో."

"తడి అవుతుంది కదే."

"తడి వేలికి కూడా తెరుచుకుంటుంది. అదేగా మా గొప్ప!"

అప్పుడొచ్చారు మా ఆయన, గుమ్మంలోంచి. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "బొటనవేలు ఎందుకే? ఎప్పుడూ చిటికెన వేలేగా పెడతావు, అదే పెట్టు" అన్నారు.

పిడుగు నా ముఖం చూసింది. ఫోను తీసుకుని ఎక్కడెక్కడో నొక్కింది. లోపల వాళ్ళకి మాత్రమే తెలిసిన పేజీ ఒకటుంటుందట, జరిగినవన్నీ అందులో రాసి ఉంటాయట. చదువుతూ చదువుతూ స్టూలు మీద కూలబడింది.

"బొటనవేలు చేర్చే ప్రయత్నం, విఫలం. నాలుగువందల పన్నెండు సార్లు" అంది. "ఇవాళ పొద్దున ఐదుంపావుకి కూడా పెట్టావు. ఏంటమ్మా ఇది?"

"ఏదో ఒకసారికి పట్టకపోతుందా అని" అన్నాను.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏడుసార్లు తప్పిందని ఏడ్చావు కదే. ఎనిమిదోది నేనే తప్పించనా? కన్నతల్లిని!"

అది ఏడుస్తుందో తిడుతుందో తెలియలేదు. రెండూ చేసింది. "రేపు ఎంతమంది కొనుక్కుంటారో. నీలాంటివాళ్ళు వేలు పెడితే తెరుచుకోదు. తప్పు తమదే అనుకుని వాళ్ళు కూడా నీలాగే కడుక్కుంటారు, తుడుచుకుంటారు, నూనె రాసుకుంటారు" అంది. ఆ మాటకి నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ నలభై రోజులూ నేను అనుకున్నది అదే, తప్పు నా వేలిదే అని.

అప్పటికప్పుడు సారుకి ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది. సంతకం పెట్టనని చెప్పింది.

"ఆవిడ ఇంకో వేలు పెట్టుకోవచ్చు కదమ్మా. చిటికెన వేలికి తెరుచుకుంటోందిగా! దీనికింత రాద్ధాంతమా?" అన్నాడాయన.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఫోను లాక్కున్నాను. "సారూ, నేను దాని తల్లిని. ముప్పై ఏళ్ళు కుర్చీలు రుద్దాను. ఈ ఎనిమిది వేళ్ళూ అరిగేదాకా పని చేశాయి. చిటికెన వేళ్ళు రెండూ గాల్లో కూర్చుని చోద్యం చూశాయి. మీ ఫోను కష్టపడ్డ వేలిని పట్టుకుని ఎవరు నువ్వని అడుగుతుంది, చోద్యం చూసినదానికి తలుపు తీస్తుంది. ఇదేం న్యాయమండీ?" అన్నాను.

మా ఆయన ఉల్లిపాయ తొక్క ఒకటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ సారు, "అమ్మాయికివ్వండి" అన్నాడు. దానికి పది రోజులు గడువిచ్చాడు. ఈలోపు తేలకపోతే ఆ ముక్క పని వేరేవాళ్ళ చేతికి పోతుందన్నాడు. మూడేళ్ళ కష్టం. పిడుగు సరేనంది.

మర్నాడే నన్ను బస్సెక్కించి తనతో తీసుకెళ్ళింది. వాళ్ళ గదిలో కిటికీలు లేవు, బల్లల నిండా విప్పిన ఫోన్లు. నేను కూర్చున్న కుర్చీ అడుగున చెయ్యి పెట్టి చూశాను, అసలు రుద్దనే లేదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా నా వేళ్ళు అద్దం మీద పెట్టడం, తియ్యడం. పిడుగుతో పనిచేసే ఇద్దరు పిల్లలు నా బొటనవేలి బొమ్మని గోడంత తెర మీద వేసి చూసేవాళ్ళు. నున్నటి గోడలా ఉండేది. ఆరో రోజు అందులో ఒకతను నీరసంగా, "ఇందులో చదవడానికేం మిగల్లేదు మేడం" అన్నాడు.

"ఏం మిగల్లేదా?" అన్నాను. "చెక్కని ఎంత రుద్దు, అందులో గీతలు పోతాయా? అవి పైన వేసిన రంగా, పోవడానికి? అడుగుదాకా ఉంటాయి. నీకు పైపైనే చూడ్డం అలవాటేమో, ఇంకాస్త లోపలికి చూడు."

అతను నవ్వేశాడుగానీ పిడుగు నవ్వలేదు. "అమ్మ చెప్పింది నిజమేరా" అంది. నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ ముక్క మన చెవికి వినపడని శబ్దం ఒకటి వేలిమీదికి పంపి, అది తిరిగొచ్చే తీరునిబట్టి గీతల్ని పోల్చుకుంటుందట. చర్మం పైనున్న గీతలే లోపలి పొరలో కూడా ఉంటాయట. లోపలిదాకా వినొచ్చు. కానీ రెప్పపాటులో తెరుచుకోవాలని సారు పట్టు. అంత తొందరలో పైపైనే వినగలరు.

"మరి నాకు తొందరుందని ఎవరు చెప్పారే?" అన్నాను.

పిడుగు గబుక్కున కుర్చీ తెర దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత నాలుగు రోజులు అది నాతో సరిగ్గా మాట్లాడనేలేదు. నేను అన్నం కలిపి నోట్లో పెడితే తినేది, కళ్ళు మాత్రం తెర మీదే.

పదో రోజు మధ్యాహ్నం పెద్దసారు వచ్చాడు. నేననుకున్నంత పెద్దవాడేం కాదు, జుట్టు ముందు పలచబడిందంతే. నమస్కారం పెట్టి పక్కన నిలబడ్డాడు. పిడుగు ఫోను నా చేతికిచ్చింది.

"ఇందాక నీ వేలు చేర్చుకుందమ్మా. ఇప్పుడు గుర్తుపట్టాలి. మొదట పైన వింటుంది. అక్కడేం దొరక్కపోతే ఇదివరకులా కాదనకుండా లోపలికి వింటుంది. కాస్త ఆగాలి" అంది.

బొటనవేలు పెట్టాను. ఏమీ కాలేదు. నేను వేలు తియ్యలేదు. ఇంతలో అరచేతికి ఫోను లోపలినుంచి చిన్న తట్టు తగిలింది. తెర తెరుచుకుంది.

పెద్దసారు తన వాచీ చూసుకున్నాడు. "రెప్పపాటు దాటింది" అన్నాడు. తర్వాత, "పరవాలేదు, దాటనివ్వండి" అని, పిడుగు ముందు కాగితం పెట్టాడు. అది సంతకం పెట్టింది. వాళ్ళిద్దరు పిల్లలూ చప్పట్లు కొట్టారు. నాకు ముక్కు కారుతోంది, చీర కొంగుతో తుడుచుకున్నాను, సిగ్గేం పడలేదు.

ఫోను మూసి మళ్ళీ వేలు పెట్టాను. తెరుచుకుంది. మళ్ళీ మూశాను. తెరుచుకుంది. అందరూ టీలకి లేచారు. పిడుగు నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది.

"ఇంక చాల్లేమ్మా, ఇలా ఇవ్వు. ఎన్నిసార్లు తెరుస్తావు?"

"ఆగవే, ఇప్పటికి పదిహేడే అయ్యాయి. నాలుగువందల పన్నెండు అయ్యేదాకా నా జోలికి రాకు" అన్నాను.

అది చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నా భుజం చుట్టూ వేసింది. నేను వేలు పెట్టాను. ఒక్క క్షణం ఆగి, ఫోను నా అరచేతిని తట్టింది.

"పద్దెనిమిది" అంది మా పిడుగు.