మస్కట్‌లో గెలిచిన ఓదెలు

ఓదెలుది కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం మండలంలో ఒక చిన్న ఊరు. అతని రాజకీయం మాత్రం మస్కట్‌లో, మంచం మీద మంచం వేసిన కూలీల క్యాంపు గదిలో మొదలైంది. జీతం ఆపిన సూపర్‌వైజరుతో మాట్లాడేది అతనే. జ్వరం వచ్చినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయేది అతనే. ఎవరైనా చనిపోతే, శవపెట్టె ఊరు చేరేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగేదీ అతనే. ఊరికి తిరిగొచ్చాక వార్డు మెంబరయ్యాడు, తరువాత ఉపసర్పంచ్ అయ్యాడు. ఈసారి రిజర్వేషన్ మారి సర్పంచ్ సీటు జనరల్‌కు వచ్చింది. యాభై దాటినవాడు, మళ్ళీ ఎప్పుడు కలిసొస్తుందో తెలియదు. పోటీకి నరేందర్ ఉన్నాడు. గెలిస్తే ఇప్పుడే గెలవాలి.

ప్రచారం తనకు తెలిసిన పద్ధతిలోనే చేశాడు. పొద్దుగూకగానే ఇంటి ముందు కుర్చీ వేసుకుని మస్కట్‌కు, దుబాయ్‌కి వీడియో కాల్ కలిపేవాడు. డ్యూటీ దిగిన ఊరి కుర్రాళ్ళు భుజాన తువ్వాలతో, చేతిలో గంటెతో తెర మీదికి వచ్చి, ఊరంతా నీదే కాకా అనేవారు. ఒక కోరిక కూడా కోరారు: ఊరి మొదట్లో పెద్ద స్వాగత కమాన్ కట్టాలి, సెలవుకు వచ్చినప్పుడు తమ కారు దాని కింది నుంచి రావాలి. ఓదెలు కోరుట్లలో కరపత్రాలు అచ్చు వేయించాడు. మొదటి హామీ కమానే.

ఓటెయ్యడానికి వాళ్ళు ఊళ్ళో ఉన్నారా అని భార్య ప్రవీణ బీడీలు చుడుతూనే ఒకసారి అడిగింది. ఇంట్లో మగవాడు చెబితే ఆడవాళ్ళు వేస్తారులే అని అతను కొట్టిపారేశాడు.

పోలింగుకు వారం ఉందనగా చిన్నవ్వ అతన్ని అరుగు మీది నుంచే పిలిచింది. ఆమె కొడుకు వేణుకు మస్కట్‌లో పని చూపించింది ఓదెలే.

"నరేందర్ రెండుసార్లు అచ్చిపోయిండు. నువ్వే అడుగు పెట్టకపోతివి," అన్నది ఒళ్ళోని చాట మీది నుంచి తలెత్తకుండా.

"వేణుతోని రోజు మాట్లాడుతున్న గదనే చిన్నవ్వా."

"ఓటెయ్యనీకి వాడు ఇమానమెక్కి అస్తుండా?"

చుట్టూ బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు నవ్వారు. వేణు భార్య శారద మాత్రం నవ్వలేదు.

"ఆయన నీకే ఎయ్యమన్నడు మామా. సరే అన్న. సరే అనకుంటే ఫోన్ పెట్టడు."

ఓదెలు చెప్పులు విడిచాడు. తరువాత అరుగు అంచున కూర్చుని, మరి మీకేం కావాలని అడిగాడు. ఆ మాట ఊళ్ళో అడగడం అదే మొదలు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒక్కొక్కటే బయటపెట్టారు. చుట్టిన బీడీలు అప్పజెప్పాలంటే కార్ఖానా ముందు ఎండలో నిలబడాలి. వానొస్తే బీడీల మీద కొంగు కప్పాలి. ఒంటికి పోవాలంటే పక్కనున్న పసుపు చేనే దిక్కు. పసుపు తవ్వేశాక ఆ చాటు కూడా ఉండదు. అక్కడొక రేకుల షెడ్డు, బాత్రూములు కావాలి.

ఆ సాయంత్రం కాల్‌లో కమాన్ ఈసారి కాదని, ఆడవాళ్ళు ఎండలో నిలబడే చోట షెడ్డు, బాత్రూములు కట్టాలని చెప్పేశాడు. తెర మీద ముఖాలన్నీ ముడుచుకున్నాయి. పక్క ఊళ్ళోళ్ళ ముందు ఇజ్జత్ పోతుందన్నాడు ఒకడు. ఇంట్లో వాళ్ళను నరేందర్‌కే వేయమంటానన్నాడు ఇంకొకడు. ఓదెలు ఇన్నేళ్ళుగా తనవాళ్ళనుకున్నది వీళ్ళనే.

చివరికి వేణు నోరు విప్పాడు. "మా అవ్వ ఎండల నిలబడుతదని నాకెన్నడు చెప్పలే కాకా. షెడ్డే కానియ్."

మిగతావాళ్ళు ఒప్పుకున్నారో లేదో గాని, ఆపైన ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

కమాన్ హామీ ఉన్న కరపత్రాలు ఇంట్లోనే పెట్టి, మిగిలిన రోజులు ఓదెలు ప్రతి అరుగూ ఎక్కాడు. నోటితోనే చెప్పాడు, ఎక్కువగా విన్నాడు.

గెలిచాడు. పెద్ద మెజారిటీ ఏమీ కాదు. నరేందర్ వచ్చి చెయ్యి కలిపాడు, కుర్రాళ్ళు డీజే పెట్టారు. కానీ పోలింగు రోజే మధ్యాహ్నం జరిగిన లెక్కింపు దగ్గర ఆడవాళ్ళెవరూ కనిపించకపోయేసరికి, ఊరేగింపు బండి దిగి వాళ్ళ వాడకు నడిచాడు. పొద్దున ఓటుకు పోవడంతో పని వెనకబడి, అందరూ తలలు వంచుకుని చుడుతున్నారు. శారద చాప కొంచెం జరిపింది.

"కూసో మామా. ఆ దండలు తియ్యి, బీడీ ఆకులల్ల పువ్వులు రాలుతున్నయి."

అతను దండలు తీసి గుంజకు తగిలించి కూర్చున్నాడు. షెడ్డు ఏ దిక్కుకు తెరిచి ఉంటే ఎండ కొట్టదో చిన్నవ్వ చెప్పడం మొదలుపెట్టింది.