రోలర్ దగ్గర రిలీవర్

రోలర్ దగ్గర నిలబడ్డ అత్తకి ఆ రోజు బట్టలు తడిసిపోయాయి. ఆవిరికి కాదు. పొద్దుటినుంచి బిగబట్టుకుని, బిగబట్టుకుని, ఇక ఆపుకోలేకపోయింది ముసలి ప్రాణం. పక్కనే దుప్పటి రెండో కొస పట్టుకున్న కోడలు చూసింది. చూసి ఏం చేస్తుంది, చేతులు ఖాళీగా ఉంటేగా! సూపర్వైజర్ నేలవైపు చూసి, ఎలాగూ లాండ్రీనేగా, ఇక్కడే ఉతుక్కోమని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

అదేం పనో చెబుతాను, వినండి. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటది. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుని, నిప్పంత వేడెక్కిన ఇనుప రోలర్‌కి అందించాలి. అవతల ఇద్దరు అందుకుని మడత పెట్టాలి. రోలర్ ఆగదు. ఒకళ్ళు చెయ్యి తీస్తే దుప్పటి మెలిపడి మాడుతుంది, రెండోవాళ్ళ చెయ్యి లోపలికి పోయినా పోతుంది. కాబట్టి ఒకళ్ళ కాలికి ఇంకొకళ్ళే సంకెల. తలుపుకి బయట గడియ. అందుకే ఆ ఆడవాళ్ళు పనిలోకొచ్చే ముందు గుక్కెడు నీళ్ళు ముట్టరు. చెమటలు కక్కే గదిలో నాలుక పిడచగట్టుకుని నిలబడతారు. అత్తకి మూత్రంలో మంట పట్టుకుని చాలా కాలమైంది. నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తాగితే పని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రం గేటు దగ్గర అత్త నడవలేక కూలబడింది. సందు చివరికి వెళ్ళి బండి పిలుచుకురమ్మని కోడలు వాచ్‌మన్‌ని బతిమాలింది. రిలీవర్ రానిదే గేటు వదిలి అడుగు కదపకూడదన్నాడు అతను. ఎవరా రిలీవర్ అని విసుక్కుంది కోడలు. పాపం, అతను ఓపిగ్గానే చెప్పాడు. తన బదులు కాసేపు ఇంకో మనిషొచ్చి కూచుంటాడట. అప్పుడు తను వెళ్ళి, ఇంత తిని, ఒంటికి పోసుకుని, తిరిగొచ్చి తన బల్లమీదే కూచుంటాడట.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. గేటు దగ్గరైతే మనిషికి బదులు మనిషి ఉన్నాడు. రోలర్ దగ్గర ఆడవాళ్ళకి ఆ మాటే తెలియకుండా ఏళ్ళు గడిచిపోయాయి. అత్తని ఆనించుకుని నడుస్తూ దారంతా ఆ మాటే నోట్లో తిప్పుకుంది.

మర్నాడు లాండ్రీ ఆవరణలోని పంపుల దగ్గర ఆ మాటని పదిమందిలో పెట్టింది. అడగబోతే ఉన్నదీ ఊడుతుందని ఒకామె అంది. ఇంగ్లీషు మాటలు ఆఫీసు గదుల్లో చెల్లుతాయి గానీ మన దగ్గరెక్కడ చెల్లుతాయని ఇంకొకామె పెదవి విరిచింది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని, రోలర్‌కి ఆవిరి పంపే బాయిలర్ అన్న అడిగాడు. నేను కడతానంది కోడలు. వెళ్ళి, రోలర్ దగ్గరా ఒక రిలీవర్ కావాలని అడిగింది కూడా. సూపర్వైజర్ కసురుకోకుండా మొత్తం విన్నాడు. అక్కడే అనుమానం రావాల్సింది.

తెల్లారి వెళ్ళేసరికి అత్త చోటులో ఒక కొత్తామె నిలబడి ఉంది. రిలీవర్ కావాలన్నారుగా, ఇదిగో వచ్చింది, ముసలమ్మ ఇక రానక్కర్లేదు అన్నాడు సూపర్వైజర్. ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు.

ఆ రాత్రి అత్త అన్నం ముట్టలేదు. "ఎక్కడిదో మాట నేర్చుకొచ్చి నా నోటి దగ్గర కూడు తీశావు కదే" అంది. తప్పు తనదేనని కోడలు లోలోపల కుమిలిపోయింది. తను సగం మాటే నేర్చుకుంది. బదులు మనిషి వస్తాడన్నది చెవికెక్కింది. తిరిగొచ్చి తన బల్లమీదే కూచుంటానని వాచ్‌మన్ అన్నది ఎక్కలేదు. ఆ రెండో సగం అడగలేదు కాబట్టే ఆ దొంగ దాన్ని మింగేశాడు.

మర్నాడు దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డ కొత్తామె మధ్యాహ్నానికే పెదవి కొరుక్కుంటోంది, కాళ్ళు మెలేసుకుంటోంది. కోడలికి ఆమెమీద కోపం రావాలి, రాలేదు. రోలర్ మోతలోనే ఆమెకి విడమరిచి చెప్పింది. రిలీవరంటే వెళ్ళిన మనిషి చోటు కాసేది, కాజేసేది కాదు. ఈ చోటు మా అత్తది. రేపు నువ్వు జబ్బుపడితే నీ చోటులోనూ ఇలాగే ఇంకొకళ్ళని తెచ్చి పెడతాడు. "నాకూ పిల్లలున్నారక్కా" అని మాత్రం అంది కొత్తామె. సాయంత్రం పంపుల దగ్గర కోడలు ఈ రెండో సగం కూడా అందరికీ చెప్పింది. ఈసారి ఎవరూ పెదవి విరవలేదు.

తర్వాతి రోజు ఆడవాళ్ళంతా అత్తని మధ్యలో పెట్టుకుని లోపలికి వచ్చారు. సణుక్కుంటూనే వచ్చింది ముసలమ్మ. సూపర్వైజర్ అడ్డం నిలబడ్డాడు. ముందే వచ్చిన ముగ్గురితో కలిసి అప్పటికే పనిలో ఉన్న కొత్తామె, చేతిలోని దుప్పటి లోపలికి పోయేదాకా ఆగింది. చెయ్యి తుడుచుకుంది. పక్కకి జరిగింది.

"నేను రిలీవర్నండీ. ఆమె వచ్చేసింది, నేను తప్పుకుంటున్నా" అంది.

సూపర్వైజర్ అత్త రెక్క పట్టుకుని బయటికి గుంజాడు. అంతే, ఒక్కరూ ఇంకో దుప్పటి అందించలేదు. బాయిలర్ అన్న ఆవిరి కట్టేశాడు. ఏనాడూ పగటిపూట ఆగని రోలర్ మూలిగి మూలిగి ఆగింది. ఆడవాళ్ళు నేలమీద బైఠాయించారు. రోలర్‌కొక రిలీవర్ ఉండాలి, వెళ్ళినవాళ్ళ చోటు వాళ్ళకే ఉండాలి, అప్పటిదాకా లేచేది లేదన్నారు. యజమాని రాలేదు, పోలీసుల్ని పంపాడు. నాయకురాలెవరని వాళ్ళడిగితే సూపర్వైజర్ వేలు కోడలివైపు చూపించింది.

ఆమెని లేపి తీసుకుపోతుంటే గదంతా బిగుసుకుపోయింది. గుమ్మం దగ్గర కోడలు వెనక్కి తిరిగింది. ఈ భయంలో అందరూ లేచి రోలర్ దగ్గరికి వెళ్ళిపోతారేమోనని ఆమె బెంగ. అప్పుడు అత్త మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది. మెల్లగా వచ్చి, అందరి ముందూ ఇందాకటిదాకా కోడలు కూచున్న చోటులోనే కూచుంది. నీ పనేంటిక్కడ ముసలమ్మా, నువ్వెవరివని గద్దించాడు పోలీసు.

"రిలీవర్ని. అది తిరిగొచ్చేదాకా దాని చోటులో నేనుంటా."

అని, వెనక్కి చెయ్యి చాపి నీళ్ళడిగింది. కొత్తామె పంపు దగ్గరికి వెళ్ళి చెంబు నిండా పట్టుకొచ్చింది. అత్త ఆ పోలీసు కళ్ళముందే చెంబెత్తి కడుపునిండా తాగి, మిగిలింది పక్కనామెకి అందించింది.