పక్కింటి పిల్ల

మా అమ్మాయికి లెక్కల్లో నూటికి పదకొండు వచ్చాయి. ఆ పదకొండైనా ఎలా వచ్చాయో నాకు అనుమానమే. దాని ఎక్కాలు రోజూ వినేవాణ్ణి నేను. ఏడెనిమిదులు యాభై నాలుగంటుంది. ఎన్నిసార్లు దిద్దినా యాభై నాలుగే.

మార్కులు చూసి మా ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. చివరికి తల్లులందరూ అనే మాటే అంది.

"పక్కింటి పిల్లను చూసి నేర్చుకో."

మా పక్కిల్లు చాలాకాలంగా ఖాళీ. గేటు తాళం తుప్పు పట్టింది. ఈ మాట అనేవాళ్ళెవరూ పక్కింట్లో ఎవరున్నారో చూసుకుని అనరు కదా. బట్ట కత్తిరిస్తున్న నేను కత్తెర పక్కన పెట్టి నవ్వాను. పిల్ల మాత్రం నవ్వలేదు. ఏం చెబితే అదే చేసే రకం అది. పుస్తకం చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఇటుకల మీదెక్కి, గోడ మీదుగా పక్కింటి కిటికీలోకి చూస్తూ నిలబడింది.

ఆనాటి నుంచి బడి నుంచి రాగానే అక్కడికే. కాసేపు చూసి వచ్చి కుదురుగా రాసుకునేది. అక్కడ ఎవరున్నారని అడిగితే, ఒక పిల్ల ఉందని, తలెత్తకుండా చదువుతుందని చెప్పింది. కల్పించి చెబుతోందనుకున్నాం. చదువుతున్నంతకాలం ఏం కల్పిస్తే మనకేమని మా ఆవిడ సంబరపడింది.

ఒక సాయంత్రం పిల్ల నా కుట్టు మిషన్ పక్కన కూర్చుని గుండీలు ఏరుతూ అంది.

"ఆ పిల్లకి మనిల్లు బాగా నచ్చిందంట నాన్నా. నువ్వు కూడా నచ్చావంట."

ఇక గోడ దగ్గరికి వెళ్ళొద్దన్నాను. పరీక్షల ముందు పిల్లను చెడగొట్టొద్దని మా ఆవిడ నా మీద లేచింది. నేను మళ్ళీ మిషన్ తొక్కుకున్నాను.

ఈసారి నూటికి నూరు. మా ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్త గౌను కుడదామని నేను పిల్లను పిలిచాను. పొట్టిదని దాన్ని బుడంకాయ్ అంటాను. అలా పిలిస్తే నాలుక చాపి వెక్కిరించడం దాని అలవాటు.

"చెప్పండి నాన్నగారూ," అంది.

మా పిల్ల నన్ను ఏనాడూ "మీరు" అనలేదు. చదువుతో పాటు మర్యాద కూడా వచ్చిందేమో అనుకుంటూ టేపు వేశాను. మా పిల్ల ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. ఆ వైపు కుట్టు దించి కుట్టడం నా చేతులకు అలవాటైపోయింది. ఈ భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి.

అప్పుడే పెరటి గోడ అవతల ఎవరో ఎక్కాలు చదవడం వినిపించింది, ఏడుపు దిగమింగుకుంటూ.

"ఏడేడులు నలభై తొమ్మిది. ఏడెనిమిదులు... యాభై నాలుగు."

వెంటనే ఒక ఆడమనిషి గొంతు, తాపీగా, "పక్కింటి పిల్లను చూసి నేర్చుకో," అంది.

నాకు భయం కంటే ముందు ఏడుపొచ్చింది. నా పదకొండు మార్కుల పిల్ల నాకు కావాలి. పెరట్లోకి పరుగెత్తి గోడకు మొహం ఆనించాను.

"యాభై నాలుగే తల్లీ. నువ్వన్నదే రైటు. ఇంటికొచ్చెయ్."

అవతల చప్పుడు ఆగిపోయింది. నా వెనకే వచ్చి నిలబడ్డ పిల్ల మెల్లగా నా చొక్కా పట్టుకుంది.

"యాభై ఆరు, నాన్నగారూ."