మలుపులో త్వరణం

షాలిబండ ట్యూషన్ సెంటర్లో ఏళ్ల తరబడి ఫిజిక్స్ అంటే వైకుంఠం సారే. ఆ మాట మొన్న జూన్ దాకా నిజం. జూన్‌లో ఇంద్రజ చేరింది. నెల తిరక్కుండానే ఇంటర్ పిల్లల నోట ఆమె పేరు తప్ప వేరే పేరు లేదు.

వైకుంఠం వేగం, త్వరణం సూత్రాలు బోర్డు మీద రాస్తుంటే పిల్లలు ఆవులించేవాళ్లు. ఇంద్రజ వాళ్లను తన కారులో ఎక్కించుకుని తిప్పి తీసుకొచ్చేది. మెట్లెక్కుతూ కూడా వాళ్లు అదే పాఠం మాట్లాడుకుంటుంటే, స్టాఫ్‌రూంలో ఆయనకు చాయ్ చేదెక్కేది. "షికార్లు గూడ చదువేనా!" అని గొణిగేవాడు. ఈ ఉపాయం తనకెందుకు తట్టలేదన్న బాధ లోపల తొలుస్తూనే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున సెంటర్ యజమాని పురుషోత్తం ఆయన్ను పిలిచాడు.

"వైకుంఠం భాయ్, మేడమ్ కారుల జాగ సాల్తలేదు. కొందర్ని నువ్వు నీ కారుల తీస్కపో."

కాదనలేకపోయాడు.

ముందు సీట్లో అఖిల కూర్చుంది. స్పీడోమీటర్ ముల్లు చూసి చెప్పడం ఆమె పని. కారు ఊపందుకోగానే అందరి వీపులూ సీట్లకు అతుక్కున్నాయి. "గిదే త్వరణం!" వెనక నుంచి నందు అరిచాడు. బహదూర్‌పురా దగ్గర తిన్నని రోడ్డులో ముల్లు నలభై మీద నిలిచింది.

"ఇప్పుడు త్వరణం సున్నా సార్. వేగం మారుతలేదు గద" అంది అఖిల.

ఎంత హాయిగా చెప్పింది! వైకుంఠానికి కడుపు మండింది. ఇంద్రజ పాఠంలో ఎక్కడో ఒకచోట లొసుగు ఉండకపోదనుకున్నాడు. రోడ్డు వంపు తిరిగే చోట ముల్లు కదలకుండా స్టీరింగ్ తిప్పాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగారు.

"ముల్లు ఎంతుంది బిడ్డా?"

"నలభయ్యే సార్."

"మరి త్వరణం ఉన్నట్టా, లేనట్టా?"

అఖిల మళ్లీ ముల్లు వైపు వంగి చూసింది.

"ఏంది, మీ మేడమ్ చెప్పలేదా?" ఆయన గొంతులో సంతోషం దాగలేదు. "ముల్లు చూపెట్టేది వడి ఒక్కటే. దిక్కు గూడ కలిస్తెనే వేగం. దిక్కు మారిందంటె వేగం మారినట్టే, త్వరణం ఉన్నట్టే. అందుకే గట్ల ఒరిగిండ్రు."

"మస్తు సమజైంది సార్!" అన్నాడు నందు. ఆ మాట విని ఎంత కాలమైందో!

"మేడమ్‌ని నిన్ననే అడిగినం సార్" అంది అఖిల. "మలుపుల సంగతి వైకుంఠం సారే మంచిగ చెప్తరు, ఆయన కారెక్కుండ్రి అన్నది."

ఆయన కారు వెనక్కి తిప్పాడు. సెంటర్ ముందు ఇంద్రజ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఎట్లైంది సార్?"

"అయింది" అన్నాడు. ఇంకో మంచి మాటకు నాలుక తిరగలేదు. లొసుగు దొరికుంటే ఆమెను క్షమించేవాడేమో. ఇప్పుడు ఆమె మంచితనం చూసి కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది.

మరుసటి ఆదివారం ఆయన అందరికన్నా ముందే వచ్చి, కారు శుభ్రంగా తుడిచి, పిల్లలకు ముందు తనదే కనపడేలా, వాళ్లు దిగే మెట్లకు అడ్డంగా నిలబెట్టాడు.