విత్తనానికి విడిచిన కాయ

1959 ఆగస్టు ఏడు, శ్రావణ శుక్రవారం. ఆ పూట ఇంట్లో అందరూ తిన్నవి వేడి వేడి జొన్నరొట్టెలు, దొడ్లో కోసిన లేత బీరకాయ కూర, పచ్చి ఉల్లిగడ్డ, పలుచటి సల్ల. బాలనర్సమ్మ తిన్నది మాత్రం చల్లారి అట్టకట్టిన ఆఖరి రొట్టె, కూరగిన్నె అడుగున మిగిలిన కారం.

ఆ తారీఖు ఆమెకు గుర్తుండిపోయింది తిండి వల్ల కాదు, ఒక మాట వల్ల. నందికొండ డ్యాము పనిలో ఉన్న, భర్తకు వరుసకు తమ్ముడయ్యే పరమేశ్వర్ ఐదో రొట్టె తుంచుతూ, "వదినె చేతిల ఏదో మహిమున్నది" అన్నాడు. భర్త రామచంద్రయ్య నవ్వి, "దాని చేతిలేమున్నది? మా పానగల్ మన్ను మంచిది" అన్నాడు.

మన్ను మంచిదే. ఆ మన్నుకు పేడ మోసిందెవరు? బావి నుంచి కడవలెత్తిందెవరు? ఆయన నేసే ప్రతి గజానికీ కండెలు చుట్టి, నడుమ నడుమ లేచి పాదుకు నీళ్లు పోసి, పందిరికి తీగ పాకించింది మన్నేనా? పదకొండేళ్లుగా రొట్టె పెనం మీంచి నేరుగా ఇంకొకరి కంచంలోకే పోతోంది. అప్పుడే పొంగిన రొట్టె ఆమె వేళ్లకు తెలుసు, నాలుకకు తెలియదు. ఈ ఆలోచన వచ్చాక కండె చుడుతుంటే దారం తెగింది. ముడేసింది. మళ్లీ తెగింది.

తెల్లారి దొడ్లోకి పోయి, అన్నిటికన్నా లేత కాయ చూసి దానికి ఎర్ర గుడ్డపీలిక కట్టింది. పీలిక ఉందంటే విత్తనానికి విడిచిన కాయ అని అర్థం, ఎవరూ ముట్టరు.

అత్త బక్కమ్మ కంట పడనే పడింది. "మొన్ననే ఒకటి విడిస్తిమి గద. గీ రెండోదెందుకే?"

"మా అక్క అడిగిందత్తా."

అబద్ధం. ఇక ఆమెకు కుదురు లేదు. కాయ రోజు రోజుకూ ముదురుతోంది, ఇంట్లో మగ్గం చప్పుడు మాత్రం ఆగడం లేదు, ఆయన ఇల్లు కదలడం లేదు.

మూడోనాడు రామచంద్రయ్య నేసిన చీరెలు ఇచ్చి రావడానికి నల్లగొండ పోయాడు. పొద్దుగూకుతుండగా ఆమె పీలిక విప్పి కాయ కోసింది. పీచు ఇంకా పట్టలేదు. కూర వండి, ఒక్కటే రొట్టె కొట్టి, పెనం మీంచి తన కంచంలోకి దించుకుంది. తుంచబోతుంటే గడపలో బక్కమ్మ.

అత్త కంచం చూసింది. నేల మీది ఎర్ర పీలిక చూసింది. బాలనర్సమ్మ చెయ్యి ఆగిపోయింది.

"తిను, సల్లారుతది," అంటూ బక్కమ్మ పక్కన కూచుంది. "నా నోట్ల పండ్లున్నన్ని దినాలు సల్లారినయే తిన్న."

మొదటి ముక్కకే నాలుక కాలింది. ఆమె ఆగలేదు.

ముందు వాకిట్లో, నల్లగొండ నుంచి వచ్చిన రామచంద్రయ్య కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు. "ఏమే, రొట్టెలయినయా? ఆకలైతాంది."

"జరాగు బిడ్డా, పెనం ఇంక కాగలే," బక్కమ్మ కొడుక్కి జవాబిచ్చింది.

తన కోసమే ఆ అబద్ధం. కానీ అదీ ఇంకో పీలికే కదా అనిపించింది బాలనర్సమ్మకు. నోట్లోది మింగి, వాకిలి దాకా వినపడేలా అంది: "కాగింది. నేను తింటున్న. నేను తిన్నంక చేస్తా."

వాకిట్లో నీళ్ల చప్పుడు ఆగింది. రామచంద్రయ్య చెంబు కింద పెట్టి అరుగు మీదే కూచున్నాడు.

ఆమె పీలికను పొయ్యిలో వేసి, మెత్తటి ముక్క ఒకటి సల్లలో నానేసి అత్త ముందు పెట్టింది. బక్కమ్మ లేచి, రోజూ కోడలు లేచి మూసే దొడ్డి తలుపు ఆ రాత్రికి తనే చప్పుడు కాకుండా మూసి వచ్చి, మళ్లీ కోడలి పక్కనే కూచుంది.