వెనక తలుపు మీద పేర్లు

పెళ్ళాం పేరు ట్రక్కు మీద రాయించిన మగాణ్ణి మా కొత్తపేట చుట్టుపక్కల నేనింతవరకు చూడలేదు. పిల్లల పేర్లు రాయిస్తారు, దేవుడి పేరు రాయిస్తారు, పోయిన తాత పేరు రాయిస్తారు. ఇంట్లో వండి వార్చేదాని పేరు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. గోవిందరాజులు గారి పాత ట్రక్కుని మా ఆయన కొనుక్కొచ్చిన రోజునే ఈ మాట మొహం మీద అడిగాను. ఆయన నవ్వి, వెనక తలుపు మీద పింకీ, జీవన్ అని పిల్లల పేర్లే రాయిస్తానని, నా పేరు మనసులో రాసుకున్నానని అన్నారు. ఆ మనసుకి తుప్పు పట్టకుండా చూసుకోండి అన్నాను. అప్పటికింకా నవ్వుకునే తీరిక ఉండేది.

మా ఆయన పేరు క్రాంతికుమార్. సొంత ట్రాక్టరుంది గానీ దాని వెనక తగిలించే ట్రక్కు లేదు. ఎవరిదో ఒకరిది అడిగి తగిలించుకుని కొబ్బరికాయలు, ఇటుకలు తోలేవారు. గోవిందరాజులు గారికి కాట్రేనికోనలో రొయ్యల చెరువులున్నాయి. ఆయన ట్రక్కు ఏళ్ళ తరబడి ఆ గట్ల మీద మేత బస్తాలు మోసి, ఉప్పుగాలి తిని, ఉప్పునీళ్ళలో నానింది. మా వాకిట్లోకి వచ్చేసరికి చెయ్యి వేస్తే పెచ్చులు రాలుతున్నాయి. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద ఎరుపు, అన్నిటికీ అడుగున తుప్పు. ఎవరికి వారు తుప్పుని కప్పెట్టి రంగేసుకుంటూ పోయారు.

మా ఆయనకి అలాంటి పని గిట్టదు. "తుప్పు మీద రంగేస్తే పుండు మీద పౌడరు రాసినట్టే సత్యా. పైకి బానే ఉంటాది, లోపల తినేస్తాది. ఇనుము తెల్లగా తేలేదాకా గోకాల్సిందే," అన్నారు. సుత్తితో కొట్టి పెచ్చులు రాల్చారు. మూలల్లో ఉలి పెట్టి గీకారు. పెద్ద పలకల కోసం గ్రైండరు అద్దెకి తెచ్చి, దానికి ఇనపతీగల బ్రష్షు చక్రం బిగించారు.

తొందర ఎందుకంటే ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గరికొచ్చేసింది. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా కొన్నా, కొత్తగా రంగేసినా, ఆ బండి మట్టల ఆదివారం నాడు పేట పిల్లలందరినీ ఎక్కించుకుని మొదటి తిరుగుడు తిరగాలి. పిల్లలు కొబ్బరాకులు ఊపుతూ హోసన్నా పాడుతుంటే చర్చి దగ్గర్నుంచి కాలవగట్టు మీదుగా వంతెన దాకా వెళ్ళి రావాలి. తర్వాత పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. ఆ తర్వాతే బండి బాడుగకి కదులుతుంది. పిల్లలెక్కిన బండికే దీవెన అని మా అత్తగారి కాలం నుంచీ మాట.

గ్రైండరు మొదలయ్యేసరికి పేటంతటికీ పళ్ళు జివ్వుమన్నాయి. ఎర్రదుమ్ము లేచి నేను ఆరేసిన బట్టల మీద పడింది. కళ్ళద్దాలు పెట్టుకోండని ఒకటికి పదిసార్లు చెప్పాను. చెమటకి మసకేస్తున్నాయని తీసి ట్రక్కు చక్రం మీద పెట్టారు. ఉన్న అద్దాలు చక్రానికి పెట్టి, కళ్ళు గాలికి వదిలేసిన మనిషిని ఏమనాలి?

నేను బట్టలు దులుపుతుంటే "అబ్బా" అని వినబడింది. తిరిగి చూస్తే గ్రైండరు నేల మీద పడి ఇంకా తిరుగుతోంది. ఆయన ఎడమకన్ను రెండు చేతులతో మూసుకుని కూలబడిపోయారు. పరిగెత్తి ప్లగ్గు పీకాను. కన్ను తెరవలేకపోతున్నారు, నీళ్ళు ధారగా కారుతున్నాయి. నీళ్ళు కొట్టాం. ఎవరో చనుబాలు పిండమన్నారు. ఏం చేసినా గుచ్చుతూనే ఉంది.

పేట చివర వీరాయమ్మ గారు కంట్లో నలుసు నాలుకతో తీస్తారు. నూర్పుల్లో ఊక పడినా, పురుగు పడినా మేం ఆవిడ దగ్గరికే వెళ్తాం. ఆవిడ ఉప్పునీళ్ళు పుక్కిలించి, రెప్ప పైకెత్తి, నాలుక మొనతో కన్నంతా ఒకసారి తడిమారు. తర్వాత అరచేతిలోకి నల్లటి రవ్వ ఒకటి ఊశారు. అందరం అమ్మయ్య అనుకున్నాం.

"వచ్చేసింది నాయనా. కానీ ఇది ఊక కాదు, ఇనుము. ఓపాలి ఆసుపత్రిలో కూడా చూపించుకో," అన్నారు ఆవిడ.

"ఆయ్," అన్నారు మా ఆయన. అనడమే గానీ, వచ్చేసింది అన్న ముక్క ఎక్కినట్టు రెండో ముక్క ఆయన చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ట్రక్కు దగ్గరున్నారు. ఇప్పుడు మాత్రం అద్దాలు ముక్కు మీదకొచ్చాయి, అవీ నల్లవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా.

కన్ను ఎర్రబడింది. తగ్గుతుందిలే అన్నారు. ఎరుపు పోలేదు సరికదా, నల్లగుడ్డు మీద నూకంత తెల్లమచ్చ లేచింది. ఆసుపత్రికి వెళ్దామంటే ఆదివారం వెళ్ళనీ అన్నారు. గోకిన ఇనుము మీద ఎర్ర ప్రైమరు కొట్టారు, ఆరాక నీలం రంగు వేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నా మాటలు నావి, ఆయన పని ఆయనది.

ఒక రోజు టీ తాగి గ్లాసు స్టూలు మీద పెట్టబోయి గాలిలో పెట్టారు. గ్లాసు పగిలింది. ఇంకోసారి ఎడమపక్కనున్న రంగు డబ్బా కాలికి తగిలి దొర్లింది. చూసుకోలేదన్నారు. కుడికన్ను మూసుకుని గోడ మీద క్యాలెండరులో తేదీ చదవమన్నాను. టక్కున చెప్పారు. ప్రాణం లేచొచ్చినట్టయింది. వంటింట్లోకి వెళ్ళి పప్పు కలుపుతుంటే ఒక సంగతి తట్టి గరిటె ఆగిపోయింది. ఈరోజు తేదీ చెప్పడానికి కన్నెందుకు?

అప్పట్నుంచి నాకు భయం పట్టుకుంది. కూర్చుంటే భయం, నుంచుంటే భయం. ఆ కన్ను పోతే ఆయన ఏమైపోతారు? ట్రాక్టరు ఎక్కకుండా ఒక్క పూట ఇంట్లో కూర్చోలేని మనిషి. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. చర్చి నుంచి వంతెనకి వెళ్ళేటప్పుడు కాలవ ఎడమపక్కే. గట్టు మీద రోడ్డు ట్రాక్టరుకి సరిగ్గా సరిపోతుంది, ఒక జాన అటైతే నీళ్ళే. ఆ పక్క చూపు లేని మనిషి వెనక పేట పిల్లలంతా ఉంటారు. మా పింకీ ఉంటుంది, మా జీవన్ ఉంటాడు. కళ్ళు మూసుకుంటే చాలు, నీళ్ళ మీద తేలుతున్న కొబ్బరాకులు కనబడేవి.

పోనీ ఎవరికైనా చెబుదామంటే, ఏమని చెప్పను? మనిషి బాగానే చూస్తున్నాడు, తేదీ కూడా చదివాడు, నీకే అనుమానం అంటారు. ఆయనకి ముందే తెలిసింది కాకుండా, తెలియంది ఏదో ఒకటి చదివించాలి అనుకున్నాను. ఏం చదివించాలో తోచలేదు.

వెనక తలుపు మీద పేర్లు రాసే సురేంద్ర శనివారం సాయంత్రం వస్తానన్నాడు. వాడు తెల్లరంగు తెచ్చుకుని వస్తాడని మా ఆయనకి తెలుసు. ఆరోజు తలపోటుతో పెందలాడే పడుకుండిపోయారు. సాయంత్రం సురేంద్ర నాకు ఫోను చేశాడు. శనివారం కదా, వాడపల్లి గుడి దగ్గర జనం విపరీతంగా ఉన్నారట, అక్కడ ఎవరిదో కొట్టు బోర్డు పని తగిలిందట, రాలేనన్నాడు. పరవాలేదులే అని ఫోను పెట్టేశాను. ఆయన్ని లేపి చెప్పబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. నాకు కావలసింది దొరికింది.

ఆదివారం పొద్దున ట్రక్కు నీలంగా మెరిసిపోతోంది. వెనక తలుపు దొడ్డివైపు ఉంది, ఆయన ముందు నుంచే వచ్చి ట్రాక్టరు దగ్గర నుంచున్నారు. తెల్లచొక్కా, నల్లద్దాలు. పిల్లలంతా అప్పటికే ఎక్కేసి కొబ్బరాకులతో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నారు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. పేర్లు చూడకుండానే బండి తీస్తారా, కళ్ళు మూసుకుని రండి, చూపిస్తాను అన్నాను. సరదాకి అనుకుని నవ్వుతూ వచ్చారు. వెనక తలుపుకి ఎదురుగా నిలబెట్టి, అద్దాలు తీసి, కుడికన్ను మీద నా అరచెయ్యి గట్టిగా పెట్టాను.

"ఇప్పుడు తెరిచి చదవండి," అన్నాను.

నా చేతి కింద రెప్ప కదిలింది. ఎర్రటి ఎడమకన్ను తెరుచుకుంది, దాని మధ్యన ఆ తెల్లమచ్చ. కాసేపు అలా చూశారు. మొహంలో నవ్వు పోలేదు.

"పింకీ, జీవన్. రెండూ ఒకే వరసలో బాగా రాసేడు సత్యా. నీలం మీద తెలుపు కుదిరింది," అన్నారు.

ఆ నీలం రేకు మీద తెల్లచుక్క కూడా లేదు.

పైనుంచి పింకీ వంగి చూస్తోంది. "నాన్నా, అక్కడ..." అనబోయింది. నేను దాని మొహంలోకి చూశాను. అది ఆకు దించేసుకుని ఊరుకుంది. తాళం ఇవ్వండి అన్నాను. ఏమైందన్నారు.

"సురేంద్ర రానేలేదండి. అక్కడ ఏ పేరూ లేదు."

ఆయన నా చెయ్యి తీసి కుడికంటితో చూశారు. దగ్గరికి వెళ్ళి రేకుని వేళ్ళతో తడిమారు. తర్వాత జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టారు. ఎప్పట్నుంచి అని అడిగితే, గురువారం నుంచి అని, వెలుతురు తెలుస్తోంది గానీ మనిషి తెలియడం లేదని అన్నారు. ఆ రోడ్డు మీద ఇన్నేళ్ళు తోలిన చేతులు కదా, కన్ను లేకపోయినా వెళ్ళిపోవచ్చనుకున్నారట.

"ఆసుపత్రికెళ్తే పోయిందనేస్తారని భయమేసింది సత్యా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మీకు భయమేస్తే ఇంతమంది పిల్లల్ని కాలవలో పోస్తారా, మీ భయం మీకు ముద్దయితే నా పిల్లలు నాకు ముద్దు కాదా అని నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. పాస్టరు గారు వచ్చి ఏమీ అడక్కుండా పిల్లల్ని దింపించారు. వాళ్ళు కొబ్బరాకులు పట్టుకుని కాలవగట్టు మీద నడిచే వెళ్ళారు. మేం ఆటో ఎక్కి అమలాపురం బయల్దేరాం. పాట చాలా దూరం వినబడింది. ఆయన అటువైపు తల తిప్పలేదు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు గోడ మీద అక్షరాలు చదవమన్నారు. కుడికన్ను మూశారు. ఒక్క అక్షరమైనా చదివితే బావుండునని ప్రార్థన చేసుకున్నాను. వెంటనే, అబద్ధం మాత్రం చెప్పించకు ప్రభువా అని కూడా అనుకున్నాను. ఆయన ఎడమకన్ను చికిలించి గోడకేసి చూశారు.

"కనబడ్డంలేదండి," అన్నారు చివరికి.

ఆవిడ కన్ను పరీక్ష చేసి నన్ను పిలిచారు. "ముక్క ఎప్పుడో వచ్చేసిందమ్మా. దాని తుప్పు ఉండిపోయింది. తుప్పు చుట్టూ పుండైంది. ఇప్పుడు ఆ తుప్పంతా గోకి తీయాలి," అన్నారు. చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే మాట ఇవ్వలేనన్నారు.

ఆయనకీ వినబడింది. తెల్ల ఇనుము తేలేదాకా గోకాలని నాకు పాఠం చెప్పిన మనిషి, ఆ కుర్చీలో నా చెయ్యి వెతుక్కుంటూ చెయ్యి చాపారు. మందు చుక్కలు వేసి, సన్నటి సూదిమొనతో డాక్టరమ్మ గోకుతుంటే ఆయన కదల్లేదు. నా వేళ్ళు మాత్రం విరిగిపోతాయేమో అనిపించింది. నేను చూడలేక కళ్ళు మూసుకున్నాను.

తర్వాత గంట గంటకీ చుక్కలు వేయడం, చీకటి గదిలో కూర్చోవడం. ప్రతి పొద్దున కుడికన్ను మూసి చూసుకుని తల అడ్డంగా ఊపేవారు. నేను పొయ్యి దగ్గరికెళ్ళి ఏడ్చి వచ్చేదాన్ని. ఈస్టరు వెళ్ళిపోయింది. ట్రక్కు వాకిట్లో అలాగే ఉంది. మచ్చ పల్చబడుతోందని డాక్టరమ్మ అన్నా నేను నమ్మలేదు. ఆ మధ్యే సురేంద్ర వచ్చాడు. ఆయన లోపలుండగా, ఏం రాయాలో నేనే దగ్గరుండి చెప్పి రాయించాను. ఎవరూ చెప్పకూడదని పిల్లలకి ఒట్టు పెట్టాను.

రంగు ఆరాక ఆయన్ని నడిపించుకుని తీసుకెళ్ళి, అదే చోట నిలబెట్టి, కుడికన్ను మీద చెయ్యి పెట్టాను. ఈసారి ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"పైన పింకీ, జీవన్ అని ఉంటాది," అన్నారు. "అది తెలిసిందే కాబట్టి చదివినట్టు కాదు."

"కింద ఇంకోటుంది," అన్నాను.

ఒక అడుగు ముందుకేశారు. మెడ చాచారు. నా చేతి కింద రెప్ప తడిగా తగులుతోంది. "స," అన్నారు. ఆగారు. "త్య." కాస్త ముందుకి వంగి, "వ," అన్నారు. అక్కడితో ఆగిపోయారు.

ఇంకొకటుంది చదవండి అన్నాను. కనబడ్డంలేదన్నారు. సత్యవ తర్వాత ఏముంటుందో మీకు తెలీదా, ఇన్నేళ్ళు కాపరం చేశారు కదా అన్నాను.

"తెలుసు సత్యా. కానీ కనబడ్డంలేదు. కనబడకుండా చెప్పను."

నేను ఆయన కుడికన్ను మీంచి చెయ్యి తీయలేదు. రెండో చేత్తో భుజం పట్టుకుని ఇంకొక అడుగు ముందుకి నడిపించాను.